బాకీదారు అన్నిటికీ 'గుర్తు లేదండి' అంటున్నాడు, కోర్టు ధిక్కారం కింద వేయొచ్చా?

రైట్‌రైట్:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో 29 ఏళ్లు కండక్టరుగా చేసి 2018లో రిటైర్ అయ్యాను. మాది తెనాలి దగ్గర పల్లె. చట్టం తెలిసినవాళ్లు చెప్తారని రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

2019 ఏప్రిల్‌లో గ్రాట్యుటీ డబ్బులోంచి ఆరు లక్షలు ఒక స్నేహితుడికి ప్రామిసరీ నోటు మీద ఇచ్చాను. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆయనది సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వ్యాపారం. రేకులు, జాకీలు, సరుగుడు కర్రలు. ఏడాదిపాటు నెలకు పన్నెండు వేలు ఠంచనుగా తెచ్చిచ్చాడు. లాక్‌డౌన్‌లో ఆగిపోయింది. అందరికీ ఆగింది కదా అని నేనూ అడగలేదు. తర్వాత స్లాబులు మళ్లీ మొదలయ్యాయి, ఆయన రేకులు మళ్లీ ఊళ్లు తిరిగాయి, నా వడ్డీ మాత్రం ఇటు తిరగలేదు. 2021 నవంబరులో దావా వేశాం. అప్పటికి అసలూ వడ్డీ కలిపి 8 లక్షల 40 వేలు. 2023 ఆగస్టులో డిక్రీ వచ్చింది. డిక్రీ వస్తే డబ్బు వచ్చినట్టే అనుకుని ఆ రోజు ఇంట్లో పరమాన్నం చేయించిన అమాయకుణ్ణి నేను.

రూపాయి రాలేదు. ఈపీ (డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) వేశాం. ఆయనకున్న ఆస్తులేమిటో కోర్టులోనే అడుగుదాం అని మా లాయరు గారు పిటిషన్ పెట్టి బోనెక్కించారు. పోయిన వారం జరిగింది. నేను వెనక బెంచీలో కూర్చుని పాత డైరీలో రాసుకున్నాను. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

ఉంటున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? – ఇంటి సంగతులు ఆవిడ చూసుకుంటుందండి.
సెంట్రింగ్ రేకులు ఎన్ని ఉన్నాయి? – ఉండాలండి.
ఎన్ని? – లెక్కపెట్టలేదండి.
ఈ రోజు పొద్దున అవి ఏ సైటులో ఉన్నాయి? – గుర్తు లేదండి.
2022లో మీ నూట యాభై గజాల స్థలం ఎవరికి రాసిచ్చారు? – గుర్తు లేదండి.
మీ బావమరిదికేనా? – అయ్యుండొచ్చండి.
ఎంతకి? – ఆయన్నే అడగాలండి.
నెలకు ఇల్లు గడవడానికి ఎంతవుతుంది? – దేవుడు నడిపిస్తున్నాడండి.

జడ్జి గారు ఒకసారి కళ్లజోడు తీసి చూశారు. అంతే. టైపు చేసే అమ్మాయి 'గుర్తు లేదు' అన్నదాన్ని ఎన్నిసార్లు కొట్టిందో, చివరికి ఆయన నోరు తెరవకముందే కొట్టేసేలా ఉంది.

నా సర్వీసంతా ఇలాంటి జవాబులతోనే గడిచింది. దుగ్గిరాలలో ఎక్కినవాణ్ణి ఎక్కడ ఎక్కావయ్యా అంటే నందివెలుగు అంటాడు. వాడు అబద్ధమాడాడు, సరే. ఇంకొకడుంటాడు. ఎక్కడ ఎక్కావంటే కిటికీలోంచి బయటికి చూస్తాడు. మళ్లీ అడిగితే "ఇందాక ఎక్కానండీ" అంటాడు. మొదటివాడితో పేచీ లేదు. రెండోవాడితోనే చచ్చే చావు.

ఇంకొకటి చెప్పాలి. బోను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు కదా, బొటనవేలు, చూపుడువేలు కొసలు నీలంగా ఉన్నాయి. పెన్ను కారిన మరక కాదది. కార్బన్ కాగితం మరక. రసీదు పుస్తకంలో కార్బన్ పెట్టి రాసేవాళ్లకే అక్కడ అంటుతుంది. అంటే ఆ పొద్దున కూడా ఎవరికో అద్దె రసీదు రాసే వచ్చాడు!

నా ప్రశ్న ఇదీ. కోర్టులో ప్రమాణం చేసి ఇలా దాటేసేవాణ్ణి కోర్టు ధిక్కారం కింద లోపలేయించలేమా? నాలుగు రోజులు జైల్లో ఉంటే జ్ఞాపకం రాదా?

—

సివిల్‌సైడ్:

కండక్టర్ గారూ, ముందుగా చేదు మాట చెప్పేస్తాను. ధిక్కారం దారి వదిలేయండి. నేను గుంటూరు జిల్లాలో సివిల్ ప్రాక్టీసే చేస్తాను. వారానికొకరు ఇదే అడుగుతారు.

1971 నాటి ధిక్కార చట్టం ప్రకారం కింది కోర్టు తనంతట తాను శిక్షించలేదు, హైకోర్టుకు వెళ్లాలి. వెళ్లినా, సివిల్ ధిక్కారం అంటే కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడం. 'గుర్తు లేదు' అన్నవాడు ఏ ఉత్తర్వును ఉల్లంఘించాడు? రమ్మన్నారు, వచ్చాడు. అడిగారు, ఏదో ఒకటి చెప్పాడు. పైగా డబ్బు డిక్రీ వసూలుకు ఈపీ అనే దారి ఉండగా ధిక్కారం అంటే హైకోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఇంతా చేసి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, జరిమానా రెండు వేలు. అదీ క్షమాపణ చెప్తే పోయే అవకాశం ఉన్న శిక్ష.

ఇంకో చిన్న దారి ఉంది. జడ్జి ఎదుటే "జవాబు చెప్పను పొమ్మను" అంటే అది వేరే నేరం. ఆ రోజు కోర్టు లేచేలోగా ఆ జడ్జి గారే జరిమానా వేయొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో రెండొందలు, దాని స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో వెయ్యి. మీ మనిషి చెప్పనని అనలేదు కాబట్టి ఆ వెయ్యి కూడా రాదు. వచ్చినా అది మీకు కాదు, ఖజానాకు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చేయించింది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 41లో మొదటి భాగం, నోటితో విచారణ. దాని కిందనే రెండో భాగం ఉంది. డిక్రీ సొమ్ము ముప్పై రోజులు దాటినా కట్టకపోతే, ఆస్తుల వివరాలన్నీ అఫిడవిట్‌గా ఇమ్మని బాకీదారును ఆదేశించమని అడగొచ్చు. అఫిడవిట్‌కు ఫారం కూడా ఉంది, 16–ఎ. ఆ ఉత్తర్వు వచ్చాక ఇవ్వకపోతే మూడో భాగం ప్రకారం మూడు నెలల వరకు సివిల్ జైలు. దానికి హైకోర్టు అక్కర్లేదు, మీ కోర్టే పంపొచ్చు. మీరు ధిక్కారం నుంచి ఆశిస్తున్నది ఇక్కడ దొరుకుతుంది. అఫిడవిట్ అడిగారా లేదా, అది చెప్పండి.

రెండో సంగతి. దావా 2021లో వేశారు, స్థలం 2022లో రాసిచ్చాడు అన్నారు. దీన్ని మీరు పైపైన దాటేశారు, నాకు మాత్రం మీ పోస్టు మొత్తంలో బంగారం లాంటి వాక్యం ఇదే. దావా వేశాక దురుద్దేశంతో ఆస్తి బదలాయించడం, దాచడం సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌లో అరెస్టుకు నేరుగా చెప్పిన కారణాల్లో ఒకటి. ఆయనకు గుర్తుండక్కర్లేదు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు గుర్తుంటుంది. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్) తీయండి, దస్తావేజు నకలు తీయండి. బావమరిది పేరున ఉన్నా ఆ స్థలాన్ని జప్తుకు పెట్టి, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి చేసిన బదలాయింపు అని వాదించొచ్చు.

ఒక హెచ్చరిక. అరెస్టు చేయిస్తే జైల్లో ఆయన తిండి ఖర్చు మీరే కట్టాలి. మూడు నెలలు ఉండి వచ్చినా బాకీ పోదు, కానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయించలేరు. ఒకే తూటా. చూసి వాడండి.

—

రైట్‌రైట్:

లాయరు గారూ, అఫిడవిట్ అడగలేదు. నోటితో అడిగితే చెప్తాడనుకున్నాం. నా డబ్బు ఎగ్గొట్టినవాడికి నేనే భోజనం పెట్టాలా? ఈ ముక్క మా ఇంటావిడకు చదివి వినిపిస్తే అరగంట నవ్వింది. ఈసీ రేపే తీస్తాను.

—

బూడిదగుమ్మడి:

ఇవన్నీ ఎందుకండీ. మీరు స్థలం జప్తు అనగానే ఆయన ఐపీ (దివాలా పిటిషన్) పెడతాడు. మా వీధిలో ఐపీ పెట్టిన ముగ్గురూ మాకంటే మంచి ఇళ్లలో ఉన్నారు.

—

సివిల్‌సైడ్:

ఐపీ పెట్టగానే అప్పు మాఫీ కాదు. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం ఐపీ పెట్టినవాడు లెక్కల పుస్తకాలన్నీ కోర్టుకు అప్పజెప్పాలి, ఆస్తుల జాబితా ఇవ్వాలి, మళ్లీ బోనెక్కి విచారణకు నిలబడాలి. కావాలని దాస్తే ఏడాది వరకు జైలు. అక్కడ 'లెక్కపెట్టలేదండి' అనడం ఇక్కడికంటే కష్టం. చాలామంది అప్పులవాళ్లు ఐపీ అనగానే దండం పెట్టి వెళ్లిపోతారు కాబట్టి మీ వీధిలో అలా జరిగింది.

—

పాత నాజరు:

నేను కోర్టులో నాజరుగా చేసి రిటైరైనవాణ్ణి. అమీనాలను జప్తులకు పంపడం, బత్తా లెక్కలు చూడటం, ఇదే నా జీవితం. కండక్టర్ గారూ, మీరు చూసిన ఆ నీలం వేళ్లు నా దృష్టిలో మీకున్న పెద్ద సాక్ష్యం. కానీ అది మీ డైరీలో ఉంది. కోర్టు కాగితం మీద లేదు.

మూడు పనులు చేయించండి. సాక్షి ఎలా తడబడుతున్నాడో, ఎలా దాటేస్తున్నాడో జడ్జి గారు రికార్డులో రాయొచ్చు, ఆర్డర్ 18 రూల్ 12లో ఉంది. తమంతట తాము రాసేది తక్కువ, మీ లాయరు లేచి నిలబడి అడగాలి. అడగడానికి మొహమాటపడతారు కొందరు. తర్వాత, రూల్ 41 కింద మనిషినే కాదు, పుస్తకాలను కూడా రప్పించొచ్చు. అద్దె రసీదు పుస్తకాలు, కార్బన్ నకళ్లతో సహా తెమ్మని పిటిషన్‌లో పేరు పెట్టి రాయించండి. 'లెక్కలు' అని రాస్తే లెక్కల్లేవంటాడు. 'రసీదు పుస్తకం' అని రాస్తే లేదనడానికి గుటక మింగుతాడు. మూడోది, ఆయన రేకులు అద్దెకు తీసుకున్న మేస్త్రీ ఎవరో తెలిస్తే, ఆ అద్దె ఆయనకివ్వకుండా కోర్టులో కట్టమని మేస్త్రీకే నోటీసు పంపించొచ్చు. అప్పుడు గుర్తు చేసుకోవాల్సిన అవసరం ఈయనకు పడుతుంది.

నేను చూసిన ఒకాయన బోనులో తనకేమీ లేదని ఏడ్చి, బయటికొచ్చి కోర్టు గేటు దగ్గర కారు తాళం కోసం జేబులు వెతుక్కున్నాడు. జడ్జి గారు లంచ్‌కి వెళ్తూ చూశారు. చూసి ఏం చేస్తారు, కాగితం మీద లేదుగా.

—

ఉప్పుగాలి:

రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను. మా నాన్న రొయ్యల చెరువుల్లో పోగొట్టుకున్నారు. ఆయన్నీ ఇలాగే బోనెక్కించారు. ఆయనా చాలావాటికి 'గుర్తు లేదు' అన్నారు. నాకు తెలుసు, నిజంగానే గుర్తు లేదు. మేత కొట్టుకు ఎంత, డీజిల్‌కి ఎంత, ఏ అప్పు తీర్చడానికి ఏ అప్పు చేశారో, లెక్క రాసుకునే అలవాటే లేదు మనిషికి. కోర్టు నుంచి వచ్చి రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. నన్ను పిలిచి, "అమ్మా, నేను దొంగలా కనిపించానా?" అని ఒక్కసారి అడిగారు.

1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది, కట్టలేకపోయినంత మాత్రాన జైలుకు పంపకూడదు, ఉండీ దురుద్దేశంతో కట్టనివాణ్ణే పంపాలి అని. జస్టిస్ కృష్ణయ్యర్ గారి తీర్పు. మా లాయరు అది చూపించాకే మా నాన్నను వదిలారు. కండక్టర్ గారి స్నేహితుడు అలాంటివాడని నేననడం లేదు, స్థలం బావమరిదికి రాసినవాడు వేరు. కానీ జైల్లో వేస్తే జ్ఞాపకం వస్తుందన్న మాట చదివితే కాస్త గుచ్చుకుంది.

—

రైట్‌రైట్:

అమ్మా, ఆ మాట కోపంలో రాశాను. తప్పే. బస్సులో కూడా నిజంగా పర్సు పోగొట్టుకున్నవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లను చూస్తే తెలిసిపోయేది. కొన్నిసార్లు తెలిసేది కాదు కూడా.

—

ఎడిసన్ బాబాయి:

న్యూజెర్సీ నుంచి. న్యూయార్క్‌లో ఒక లా ఆఫీసులో లెక్కలు చూస్తాను, లాయర్ని కాదు. బాకీ వసూళ్ల కాగితాలు రోజూ నా బల్ల మీదే ఉంటాయి. ఈ ప్రశ్న చూడగానే ఆగలేకపోయాను, ఎందుకంటే ఇక్కడ దీనికి సూటి సెక్షనే ఉంది.

న్యూయార్క్‌లో డిక్రీ వచ్చాక బాకీదారుకు ప్రశ్నల కాగితమే పోస్టులో పంపేయొచ్చు. అందిన ఏడు రోజుల్లో ప్రమాణం చేసి జవాబులు రాసి పంపాలి. పంపకపోయినా, ప్రమాణం మీద అబద్ధం రాసినా ధిక్కారంగా శిక్షించొచ్చని చట్టంలోనే రాసి ఉంది, 5251వ సెక్షన్. ఇది ఆ రాష్ట్రపు చట్టం. ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో వేరు. అబద్ధం చెప్పినంత మాత్రాన ధిక్కారం కాదు, దానికి అబద్ధపు సాక్ష్యం కేసు వేరే పెట్టుకోండి అని 1945లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

మరి అబద్ధం కూడా చెప్పకుండా కిటికీలోంచి చూసేవాడో? మీ రెండో ప్రయాణికుడు? దాని మీద 1913లో లర్నెడ్ హ్యాండ్ అనే జడ్జి ఒక తీర్పు రాశారు. దివాలా తీసిన ఒకాయన విచారణలో వచ్చిన తగవు అది. ఆయన అన్నది నా మాటల్లో చెప్తాను: మతి స్థిమితం ఉండి, తాగి లేనివాడు నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నానో గుర్తు లేదంటే అది జవాబు కాదు, జవాబివ్వకపోవడమే. వేరే సాక్ష్యం అక్కర్లేకుండా, ఆ మాట వింటేనే ఇది చెప్పే ప్రయత్నం కాదని తెలిసిపోవాలి. అప్పుడు అది ధిక్కారం.

ఈ గీటురాయి మీద మీ డైరీ పెట్టి చూశాను. మూడేళ్ల కిందటి స్థలం గుర్తు లేదంటే, నమ్మబుద్ధి కాకపోయినా, ఆ మాట ఒక్కటే చూసి అబద్ధమనలేం. నెల ఖర్చుకు దేవుణ్ణి చూపించడం కూడా ఒకరకంగా జవాబే. కానీ 'ఈ రోజు పొద్దున రేకులు ఏ సైటులో ఉన్నాయి' అంటే గుర్తు లేదన్నాడు చూడండి, అది మాత్రం హ్యాండ్ గారి కేసే. పొట్ట నింపే సామాను పొద్దున ఎక్కడుందో వ్యాపారికి సాయంత్రానికి గుర్తు లేకపోవడమా! ఆ తీర్పు మీ కోర్టులో పనికిరాదనుకోండి. ప్రశ్నలు వేసే పద్ధతి మాత్రం పనికొస్తుంది. పాత సంగతులకు కాగితాలు తీసుకోండి. నోటితో అడిగితే మాత్రం నిన్నటివి, ఇవాళ్టివి అడగండి.

—

రైట్‌రైట్ (నాలుగు నెలల తర్వాత):

ఎలా ఉన్నారందరూ? చాలామంది విడిగా మెసేజ్ పెట్టి ఏమైందని అడుగుతున్నారు, అందుకని ఇక్కడే రాస్తున్నాను.

ఈసీలో స్థలం కనబడింది. 2022 మేలో బావమరిది పేరున అమ్మకం దస్తావేజు. దావా సమన్లు అందిన మూడు నెలలకు. మా లాయరు గారు నకలు చదివి ఏమీ అనలేదు, ఇంకో కాఫీ తెప్పించారు. జప్తు పిటిషన్ వేశాం. బావమరిది అభ్యంతరం వేశాడు, అది నడుస్తోంది.

అఫిడవిట్ ఉత్తర్వు కూడా వచ్చింది. మావాడు మూడు వాయిదాలు తీసుకున్నాడు. ఒకసారి జ్వరం, ఒకసారి లాయరు మారాడు, ఒకసారి అత్తగారి తద్దినం. నాలుగో వాయిదాకి ఇవ్వకపోతే సివిల్ జైలు సంగతి చూస్తామని జడ్జి గారు అనేసరికి మర్నాడే దాఖలు చేశాడు. అందులో: 'పాత సెంట్రింగ్ రేకులు 60, తుప్పు పట్టినవి.' రసీదు పుస్తకాలు వానకు తడిసి పాడైపోయాయట.

అరవై అన్న అంకె చదివాక నాకు నిద్ర పట్టలేదు. మాకు సర్వీసులో అబ్బిన గుణం అది, బస్సెక్కగానే తలలు లెక్కపెట్టుకోవడం. టీవీఎస్ వేసుకుని దుగ్గిరాల వైపు వెళ్లాను. కడుతున్న ఇళ్లన్నీ చూసుకుంటూ పోతే ఒకచోట రెండంతస్తుల స్లాబు కింద ఆయన రేకులు కనబడ్డాయి. ఎలా తెలిసిందంటే, ప్రతి రేకు అంచుమీదా ఎర్ర పెయింటుతో ఆయన పేరులో మొదటి అక్షరం ఉంటుంది, ఇంకొకరి రేకుల్లో కలిసిపోకుండా. ఆ పెయింటు వేసిన రోజున నేను పక్కనే కూర్చుని టీ తాగాను, 2019లో. మేస్త్రీని మంచి చేసుకుని కింద నిలబడి లెక్కపెట్టాను. రెండొందల పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను. రెండొందల పన్నెండే. ఫోనులో ఫొటోలు తీశాను. అద్దె ఎప్పటికప్పుడు కట్టేస్తున్నామని చెప్పి మేస్త్రీ జేబులోంచి రసీదు తీసి చూపించాడు. నీలం రంగు కార్బన్ నకలు. వానకు తడవలేదు.

ప్రమాణం చేసి అరవై అని రాశాడు కాబట్టి ఇప్పుడది 'గుర్తు లేదు' కాదు, అబద్ధం. సివిల్‌సైడ్ గారూ, మీరు ధిక్కారం వదిలేయమన్నది ఎందుకో ఇప్పుడర్థమైంది. అబద్ధపు అఫిడవిట్ మీద విచారణ జరిపించమని కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 379వ సెక్షన్ కింద పిటిషన్ తయారవుతోంది. నేరం రుజువైతే ఏడేళ్ల వరకు ఉందట. అంత దూరం పోవాలని నాకు లేదు. ఎంతైనా మా పెద్దమ్మాయి పెళ్లికి పందిరి రాట వేసింది ఆయనే.

నిన్న రాత్రి ఆయన భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎలాగో నాలుగు లక్షలు సర్దుతాం, రేకుల జోలికి మాత్రం రావద్దు" అంది.

"ఏ రేకులమ్మా? ఆ అరవయ్యా, ఈ రెండొందల పన్నెండా?" అన్నాను.

పెట్టేసింది.

వాయిదా ఇరవై రెండో తారీకుకి ఉంది. నాజరు గారూ, ఒకవేళ రేకులు జప్తు చేయాల్సి వస్తే వాటిని మోసుకెళ్లే లారీ కిరాయి కూడా నేనే పెట్టుకోవాలా?